మాటకు చోటు వాక్యం

విదేశాల్లో పీజీ చదువుల కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షకు తయారయ్యే పిల్లల చేతుల్లో పదాల కార్డులు కనిపిస్తుంటాయి. ముందువైపు ఇంగ్లీషు మాట, వెనకవైపు ఒక్క ముక్కలో అర్థం. రోజుకిన్ని అని లెక్క పెట్టుకుని బస్సులో, హాస్టల్లో బట్టీ పడుతుంటారు. ఆ కష్టాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంజినీరింగ్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు మీద పడ్డవాళ్లకు ఇంతకన్నా మంచి దారి చూపినవాళ్లు తక్కువ. మా అభ్యంతరమల్లా ఈ బట్టీ దారి మీదే.

ఫ్రూగల్, పార్సిమోనియస్ అనే మాటలు తీసుకోండి. కార్డు మీద రెండింటికీ 'పొదుపైన' అనే ఉంటుంది. పిల్లల ఫీజు కోసం తన ఖర్చులు తగ్గించుకునే తల్లిని మొదటి మాటతో మెచ్చుకోవచ్చు. రెండోది వాడామా, ఆమెను పిసినారి అన్నట్టే! ఈ తేడా ఒంటరి మాటలో కనిపించదు. ఎవరు, ఎవరి గురించి, ఏ సందర్భంలో అన్నారో చూస్తేనే పట్టుబడుతుంది.

పరీక్ష పెట్టేవాళ్లూ ఈ సంగతి గుర్తించారు. 2011 ఆగస్టులో జీఆర్‌ఈ నుంచి వ్యతిరేక పదాలు, పద సంబంధాల ప్రశ్నలు తీసేసి, ఖాళీలున్న వాక్యాలకు, పేరాలకు పెద్దపీట వేశారు. ఒక్కో పేరాలో మూడు ఖాళీల దాకా ఉండొచ్చు. మూడూ సరిగ్గా నింపితేనే మార్కు. ఇంకో రకంలో ఆరు మాటలిచ్చి, వాక్యానికి ఒకే అర్థం తెచ్చే రెండింటిని ఎంచుకోమంటారు. అర్థం ఒకటే అయినా ఆ వాక్యంలో ఇమడని జంటలూ ఆ ఆరింటిలో ఉంటాయి. జాబితా మాత్రమే చదివినవాళ్లు సరిగ్గా అక్కడే చిక్కుకుంటారు.

అసలు కొన్ని గొప్ప నిఘంటువులు పుట్టిందే వాక్యాల్లోంచి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం ఎందరో పాఠకులు పుస్తకాలు చదువుతూ, ఒక్కో చీటీ మీద ఒక మాట, అది వచ్చిన వాక్యం, పుస్తకం పేరు, సంవత్సరం రాసి పంపేవారు. సంపాదకుడు జేమ్స్ మర్రే తన పెరట్లో వేయించుకున్న ఇనుపరేకుల షెడ్డులో వాటిని గూళ్లలో సర్దించి, వాక్యాలన్నీ చూశాకే అర్థాలు రాసేవాడు. 1928లో పని పూర్తయ్యేసరికి అందులో 18 లక్షలకు పైగా ఉదాహరణలు చేరాయి. మన బ్రౌన్ దొర చేసిందీ అలాంటి పనే. 1852లో వచ్చిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తే, మాట వెంబడే వేమన పద్యపాదమో, జనం నోటి వాడుకో కనిపిస్తుంది. అంత శ్రమపడి వాళ్లు వాక్యాలు కూర్చిపెడితే, మనం వాటిని కొట్టేసి ఉత్త అర్థాలు పిల్లల చేతిలో పెడుతున్నాం.

కాలేజీ అధ్యాపకులకు మా విన్నపం ఒక్కటే. టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక గంట చదివించడానికే కేటాయించండి. ఆర్.కె. నారాయణ్ మాల్గుడి కథలతో మొదలుపెట్టి, ఆర్వెల్ వ్యాసాల దాకా తీసుకెళ్లొచ్చు. తెలియని మాట తగిలితే ముందు అర్థం ఊహించమనండి, ఆ తర్వాతే నిఘంటువు తీయమనండి. నోట్‌బుక్‌లో మాట ఒక్కటే కాదు, అది వచ్చిన వాక్యమంతా ఎత్తి రాయించండి. దాని కింద తమ ఇంటి గురించో, ఊరి గురించో అదే మాటతో సొంత వాక్యం రాయమనండి. ఆ వాక్యాల్ని మాత్రం మీరే కూర్చుని దిద్దండి. ఏ మాట ఎక్కడ తేడాగా పడిందో పిల్లలకు తెలిసేది ఆ దిద్దుబాటులోనే.