అవ్వ చెప్పిన కథకు బడిలో చోటు

మన్మాడు నుండి సికిందరాబాదు పోయే రైలుమార్గం నుండి ఆదిలాబాదు దారి ముద్ఖేడ్ వద్ద చీలుతుంది. ఆ దారిన భోకర్ దాటి కిన్వట్ చేరేసరికి అడవి దగ్గరపడుతుంది. గోండులు, కొలాములు, ప్రధానుల పల్లెలు కనిపిస్తాయి. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు కిన్వట్ ఆదిలాబాదు జిల్లాలోనిదే. సరిహద్దు జరిగింది గాని చుట్టరికాలు తెగలేదు. పుష్యమాసపు అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరకు మహారాష్ట్ర నుండి మెస్రం వంశస్థులు నేటికీ వెళుతూనే ఉన్నారు.

జాతరకు ముందు ఆ వంశం వారు కాలినడకన హస్తినమడుగుకు పోయి గోదావరి జలం తెస్తారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు తెల్లచీరలు కట్టుకొని, పెద్దల వెంట నాగోబా ముందుకు వస్తారు. దీనిని భేటింగ్ అంటారు. దేవునికీ కులపెద్దలకూ ఈ పరిచయం జరిగిన తరువాతనే ఆమె వంశంలో మనిషిగా లెక్క. ప్రధానులు కికిరి వాయిస్తూ వంశకథలు చెబుతారు. గోండుల గోత్రాలన్నీ నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు దేవతల వారని నాలుగు శాఖలు. మెస్రం వారు ఏడుగురు దేవతల వారు. ఒకే శాఖలోని వారు అన్నదమ్ములు కనుక వారిలో వారికి పెళ్ళి కుదరదు. ఎవరు అన్న, ఎవరు బావ అన్న సంగతి పిల్లలకు తెలిసేది అవ్వ, తాత చెప్పే ఇటువంటి కథల వలననే.

ఆ పిల్లవాడు బడికి వచ్చి పుస్తకం తెరిస్తే అతనికి తరచుగా కనిపించేది ఒక బొమ్మ మాత్రమే. నెమలి ఈకల టోపీ పెట్టుకొని గుస్సాడీ ఆడుతున్న మనిషి! బొమ్మ కింద రెండు వాక్యాలు ఉంటాయి. అవి ఎవరో దూరం నుండి చూసి రాసినవి. ఆ మనిషి తన కథ తాను చెప్పడు. ఇది సరికాదు.

ముద్ఖేడ్‌లో తెలుగు చదివే పిల్లలకు ఈ బాధ కొత్తదేమీ కాదు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుండి చెబుతున్నది. తెలుగువారు ఆ మాట ఎత్తి బడి అడుగుతారు. గోండు పిల్లవానికీ అదే అధికరణం వర్తిస్తుందన్న సంగతి ఎందరికి గుర్తుకువస్తుంది? పైగా గోండీ తెలుగుకు తోబుట్టువు వంటి భాష. వారు రండ్, మూండ్, నాలుంగ్ అని లెక్కపెడుతుంటే అర్థం చెప్పమని తెలుగు పిల్లలు అడగనక్కరలేదు.

గోండీకి లిపి లేదు గనుక పాఠాలు కుదరవన్నది పాత సాకు. 1943లోనే హైమెండార్ఫ్ మార్లవాయిలో ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో సిద్ధం చేశారు. నార్నూరు మండలం గుంజాలలో సొంత లిపిలోని రాతప్రతులు 2006లో వెలుగుచూశాయి. 2018లో ఆ లిపి కంప్యూటర్లకు ఆధారమైన యూనికోడ్‌లోనూ చేరింది.

ఇక రెండవ ఆక్షేపణ తల్లిదండ్రుల నుండే వస్తుంది. ఇంటిభాషలో చదివితే ఉద్యోగం ఎలా వస్తుందని వారి దిగులు. ఆ దిగులును తేలికగా తీసివేయరాదు. మరాఠీ, తెలుగు, ఇంగ్లీషు రావలసిందే. అయితే వారానికి ఒక గంట అవ్వ కథ చెప్పించినంత మాత్రాన ఆ చదువులు కుంటుపడవు. సొంత కథ చెప్పడానికి లేచిన పిల్లవానికి మాటలు తడుముకోవలసిన పని ఉండదు. అదే కథను మరునాడు మరాఠీలోనో, తెలుగులోనో రాయమంటే రాయడానికి విషయం చేతిలో ఉంటుంది.

ఉపాధ్యాయులు జాగ్రత్తపడవలసిన చోటు ఒకటున్నది. పిల్లవాడు కికిరి అంటే కికిరి అనే రాయాలి, వీణ అని దిద్దరాదు. పెర్సా పేన్ అన్నచోట తమకు తెలిసిన దేవుని పేరు పెట్టరాదు. కథ చివర నీతి లేకపోతే లేకుండానే వదిలివేయాలి. కథ చెప్పిన అవ్వ పేరు, ఊరి పేరు పైన రాసి, పుటను బడి గోడకు అంటించాలి. బడికి వచ్చిన రోజున ఆ అవ్వకు దానిని చదివి వినిపించాలి. తప్పుంటే ఆమే చెబుతుంది.