ఇల్లు కదిలిపోతే పిల్లి ఎక్కడికి వస్తుంది?



పిల్లి మనుషులకంటే ఇంటినే ఎక్కువగా నమ్ముకుంటుందని పెద్దలు అంటారు. మరి ఆ ఇల్లే కదిలిపోయేదైతే?

ఇంగ్లాండులో కాలువలపై పడవనే ఇల్లుగా చేసుకొని జీవించే కుటుంబాలు ఉన్నాయి. సుమారు ఏడడుగుల వెడల్పు గల పడవలోనే వంట, పడక, పిల్లల చదువు. సొంత రేవు లేని పడవ సాధారణంగా ఒకేచోట 14 రోజులకు మించి నిలవరాదని 1995 నాటి చట్టం చెబుతోంది.

అటువంటి ఇంటి పిల్లి ఒక రాత్రి బయటికి వెళ్లి, తెల్లవారినా రాలేదనుకోండి. మనమైతే వాకిలి తెరచి ఎదురుచూస్తాము. అక్కడ గడువు ముగిసి పడవ సాగిపోతే, తిరిగి వచ్చిన పిల్లికి నీరు మాత్రమే కనిపిస్తుంది. పడవ ఎటు వెళ్లిందో అది ఎరుగదు. దానికి తెలిసినది ఆ గట్టు ఒక్కటే.

కాబట్టి మొదటి కర్తవ్యం పడవను కదిలించకపోవడం. తగిన కారణముంటే మరికొంతకాలం నిలిచేందుకు ఆ చట్టంలోనే వీలుంది. కాలువల నిర్వాహకులకు ముందుగానే విన్నవించుకోవాలి. పడవ అప్పటికే సాగిపోయి ఉంటే, పాత చోటికే మరలి వెళ్లి వెదకాలి.

బెదిరిన పిల్లి తరచుగా దగ్గరలోనే, ఏ పొదలోనో, వంతెన క్రిందనో నక్కి ఉంటుంది. పేరు పెట్టి పిలిచినా పలకదు. సందడి అణగిన రాత్రివేళ టార్చిలైటుతో వెళితే దాని కళ్లు మెరుస్తాయి. పొరుగు పడవలవారిని సామాను అరలు తెరచి చూడమని కోరాలి. నిట్టనిలువు ఇనుప గట్టున్నచోట నీటబడిన పిల్లి పైకెక్కలేదు. కనుక మనసొప్పకున్నా నీటి అంచునూ పరికించాలి. ముందుచూపు గలవారు గోళ్లకు పట్టు దొరికేలా పాత తివాచీ ముక్కను పడవ ప్రక్కన నీటిలోకి వేలాడదీస్తారు.

2024 జూన్ 10 నుండి ఇంగ్లాండులో 20 వారాలు నిండిన పెంపుడు పిల్లులకు మైక్రోచిప్ తప్పనిసరి. పడవవాసులకు స్థిరమైన చిరునామా ఉండదు గనుక, అందులో నమోదైన ఫోను నంబరు సరైనదై ఉండాలి.

ఒక్క పిల్లి కోసం ఇంత శ్రమ ఎందుకని కొందరు అడగవచ్చు. దానిని ఆ గట్టుకు తెచ్చినవారు దాని యజమానులే. మన చేతికి వచ్చిన మూగప్రాణి మన వద్ద అమానతు. మనం ఎంతవరకు వెదికామో, ఎప్పుడు విసిగి వదిలేశామో ఇంట్లోని పసివారు గమనిస్తూనే ఉంటారు. పిల్లి దొరకవచ్చు, దొరకకపోవచ్చు. ఆ పాఠం మాత్రం వారిలో నిలిచిపోతుంది.