కాదనడం మానేసిన ఆట

ఈ మధ్య ఏ వీడియో గేమ్ గురించి చదివినా 'ఆర్‌పీజీ ఎలిమెంట్స్' అన్న ముక్క తగులుతోంది. తుపాకీ ఆటలోనూ అవే, కార్ల రేసులోనూ అవే. తీరా విప్పి చూస్తే ఉండేది ఒకటే. పని చేస్తే పాయింట్లు, పాయింట్లు పోగైతే లెవెల్, లెవెల్ పెరిగితే ఇంకాస్త బలం. దీన్ని రోల్ ప్లేయింగ్ అంటే నేనొప్పుకోను. ఇది ఇంక్రిమెంటు. పాత్ర పోషించడం వేరే సంగతి. భీముడి వేషం కట్టినవాడు రాయబారం పద్యాలు ఎత్తుకోలేడు, అవి కృష్ణుడివి. అలా ఎత్తుకోలేకపోవడం కూడా ఆ వేషంలో భాగమే.

ఈ తేడా ఎలా చెరిగిపోయిందో చూడాలంటే ఫాలౌట్ సీరీస్‌ని మించిన ఉదాహరణ నాకు తెలీదు. అణుయుద్ధం తర్వాతి అమెరికా కథ. మొదటి ఆట 1997లో ఇంటర్‌ప్లే నుంచి వచ్చింది. టిమ్ కెయిన్ బృందం ముందు 'గర్ప్స్' అనే టేబుల్‌టాప్ పద్ధతి మీద దాన్ని కట్టాలనుకుంది. ఆ ఒప్పందం చెడిపోయాక సొంతంగా ఒకటి అల్లుకుంది. బలం, గ్రహింపు, ఓర్పు, ఆకర్షణ, తెలివి, చురుకు, అదృష్టం అని ఏడు గుణాలు, ఒక్కోదానికి 1 నుంచి 10 దాకా అంకె. వాటి ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలు కలిపితే 'స్పెషల్'.

ఇందులో తెలివిని 4 కన్నా తక్కువ పెట్టి ఆడి చూడండి. మీ పాత్ర నోరు విప్పితే మూలుగులు, తెగిన మాటలు తప్ప ఏమీ రావు. ఎదుటివాళ్ళు జాలిపడతారు, విసుక్కుంటారు, పొమ్మంటారు. చాలా పనులు మీకు అప్పగించనే అప్పగించరు. ఆట మీకు సగం తలుపులు మూసేస్తుంది. మూసేసి, మీరెవరో తనకి తెలుసని చెబుతుంది.

1998లో వచ్చిన రెండో భాగంలో దీని మీద ఒక అద్భుతమైన జోకు ఉంది. క్లామత్ అనే ఊళ్ళో పశువులు కాసే టార్ అనే అమాయకుడు ఉంటాడు. మామూలు తెలివితో వెళ్ళి పలకరిస్తే వాడి మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తాయి. మీరూ మొద్దు పాత్రే అయితే మాత్రం ఇద్దరూ పండితుల్లా, మహా గంభీరమైన ఇంగ్లిష్‌లో సంభాషించుకుంటారు. అప్పటిదాకా వాణ్ణి చూసి నవ్వినవాడికి చెంపదెబ్బ అది. పాత్రని మారిస్తే తప్ప కనబడని సన్నివేశం. నవలలో దృష్టికోణం చేసే పనిని ఇక్కడ ఒక అంకె చేస్తోంది.

మొదటి ఆట ముగింపూ అంతే. 'మాస్టర్' అనే ప్రతినాయకుణ్ణి తుపాకీ పేల్చకుండానే ఓడించొచ్చు. అతను తయారుచేస్తున్న మ్యూటెంట్లకి సంతానం కలగదని రుజువు పట్టుకెళ్ళి చూపిస్తే, తన ఆశయం అబద్ధమని తెలిసి తనే ప్రాణం తీసుకుంటాడు. దానికి ఆ రుజువు ముందే సంపాదించి ఉండాలి, మాటనేర్పూ ఉండాలి. అవి లేనివాడికి ఆ దారి లేదు.

పాత ఆటల భక్తులు ఇక్కడ చప్పట్లు కొడతారని తెలుసు. వాళ్ళతోనూ నాకు పేచీయే. వాళ్ళ దృష్టిలో అంకెలెన్ని ఎక్కువుంటే ఆర్‌పీజీ అంత గొప్పది. పాత ఫాలౌట్‌లో జూదానికో స్కిల్, ఉచ్చులకో స్కిల్ ఉండేవి. వాటిలో పాయింట్లు పోసినవాడు చాలావరకు బూడిదలో పోసినట్టే. అవి తీసేశారని నేను ఏడవను. అంకె మారినప్పుడు లోకం మనతో మాట్లాడే తీరు మారిందా లేదా అన్నదే నాకు కావాలి.

హక్కులు బెథెస్డాకి వెళ్ళాక 2008లో మూడో భాగం వచ్చింది. దాని అసలు ముగింపులో రేడియేషన్ నిండిన గదిలోకి ఎవరో ఒకరు వెళ్ళి చావాలి. మన పక్కనే ఫాక్స్ అనే మ్యూటెంట్ ఉండొచ్చు, రేడియేషన్ అతన్నేం చేయదు. నువ్వెళ్ళమంటే, ఇది నీ విధి, నేను అడ్డురానంటాడు! 2009లో బ్రోకెన్ స్టీల్ అనే అదనపు భాగం అమ్మాక గానీ అతను కదల్లేదు. తన పాత్రలెవరో తనకే గుర్తులేని ఆట అది. 2010లో అబ్సీడియన్ చేసిన న్యూ వేగస్ ఈ జబ్బుకి మందు వేసింది. మాటనేర్పు ఎంత కావాలో చూపిస్తుంది, చాలకపోయినా అనమంటుంది, అంటే మన పాత్ర తడబడి నవ్వులపాలవుతుంది. ఓటమికి కూడా ఎవరో కూర్చుని డైలాగు రాశారు.

2015లో నాలుగోది. స్కిళ్ళు పోయాయి. ఆడేవాడి పాత్రకి నటుల గొంతు వచ్చింది. ఎక్కడ చూసినా నాలుగే జవాబులు, అవీ ఒకటి రెండు మాటల సూచనలు. సగంసార్లు అవి ఔను, వెటకారంగా ఔను, డబ్బిస్తే ఔను, తర్వాత ఔను. మగ పాత్ర అయితే మాజీ సైనికుడు, ఆడ పాత్ర అయితే లాయరు, షాన్ అనే పసిబిడ్డ. తెలివి 1 పెట్టినా ఆవిడ లా చదివిన లాయరే, గడగడా మాట్లాడుతుంది. పైగా లెవెళ్ళకి హద్దు లేదు. ఓపిగ్గా ఆడితే ఏడు గుణాలూ 10కి చేరతాయి. ఎవరుగా మొదలుపెట్టినా చివరికి అందరం ఒకే సర్వజ్ఞుడిగా తేలతాం.

మరి తక్కువ తెలివికి ఫలితం? 'ఇడియట్ సావంట్' అనే పెర్క్ ఉంది. తెలివి ఎంత తక్కువైతే, పాయింట్లు ఉన్నట్టుండి మూడింతలు పడే అవకాశం అంత ఎక్కువ. 1997లో మూసుకున్న తలుపు 2015కి బోనస్ అయింది. నా అభియోగమంతా ఈ ఒక్క పెర్క్‌లోనే ఉంది.

ఎదుటి వాదన నాకు తెలుసు. జనానికి చదివే ఓపిక లేదు, గొంతుంటేనే కథలో లీనమవుతారు, నాలుగో భాగంలో కాల్పులు ఎంతో బాగుంటాయి. కాల్పుల మాట నిజం, మూడోదాంట్లో కన్నా వందరెట్లు నయం. కానీ గొంతు ఊరికే రాదు. ప్రతి వాక్యమూ స్టూడియోలో రికార్డు చేయాలి. మొద్దు పాత్రకి వేరే మాటలంటే అవీ మళ్ళీ రికార్డు చేయాలి. అందుకని ముందు కత్తెర పడేది వాటికే. గొంతు ఇచ్చి మాట తీసుకున్నారు. (ఇంగ్లిష్ మనది కాని మనలాంటివాళ్ళకి ఇంకో నష్టం కూడా. తెర మీది అక్షరం మనకోసం ఆగుతుంది, గొంతు ఆగదు.) డైలాగుల పద్ధతి అనుకున్నంతగా పనిచేయలేదని దర్శకుడు టాడ్ హోవార్డే తర్వాత ఒప్పుకున్నాడు.

జనం అడగలేదన్న మాటకి ఫాలౌట్ 76 చాలు. 2018లో మాట్లాడే మనుషులే లేకుండా విడుదల చేసి తిట్లు తిన్నారు. 2020లో 'వేస్ట్‌ల్యాండర్స్' పేరుతో మనుషుల్ని తెచ్చారు, వాళ్ళతోపాటు గుణాన్ని బట్టి తెరుచుకునే జవాబుల్నీ తెచ్చారు. నలుగురూ కలిసి కాల్చుకునే ఆన్‌లైన్ ఆటలో కుదిరింది, ఒంటరిగా కూర్చుని ఆడే కథలో కుదరదా?

2024లో టీవీ సీరీస్ వచ్చాక నాకు తెలిసినవాళ్ళు చాలామంది నాలుగో భాగంతో మొదలుపెట్టి, ఆర్‌పీజీ అంటే ఇదేనన్నమాట అనుకుంటున్నారు. ఐదోది 'ఎల్డర్ స్క్రోల్స్' ఆరో భాగం తర్వాతేనట. వచ్చిన రోజున తెలివి 1 పెట్టుకుని మొదటి ఊళ్ళో మొదటి మనిషిని పలకరిస్తాను. వాడు నాతో మర్యాదగా, మామూలుగా మాట్లాడాడంటే డబ్బులు వాపసు అడుగుతాను.