సెల్‌ఫోను మాటలకు మూడవ చెవి



దూరదేశమందున్న కుమార్తెయు, ఇంటనున్న తల్లియు సెల్‌ఫోనులో గంటలకొలది సంభాషించుట నేడు మన యిండ్లలో నిత్యకృత్యమైనది. అత్తింటి కష్టములు, వేవిళ్లు, వైద్యుని మాటలు, అప్పుల లెక్కలు, పొరుగమ్మకైన చెప్పనివన్నియు ఆ యంత్రమున కప్పగించుచున్నాము. ఆరు చెవుల బడిన రహస్యము నిలువదని పెద్దలందురు. మన సంభాషణమునకు మూడవ చెవి లేదని నమ్ముటెట్లు? ఈ మాసమున మేమీ విషయమునే విచారింపదలచితిమి.

ఇంటర్నెట్టు ద్వారా మాటాడునప్పుడు మన కంఠధ్వని అంకెలుగా మారి, సాధారణముగా సెకనునకు 50 తునుకలై, పెక్కు యంత్రములను దాటిపోయి, ఆవలి ఫోనులో మరల స్వరమగును. త్రోవలోని యంత్రములు వినకుండుటకై ప్రతి తునుకకును గుప్తలిపి యనెడి ముద్ర వేయవలెను. ఆ ముద్ర గట్టిదని చేసినవారు చెప్పిన చాలునా? చాలదనుటకును, వేరు మార్గము కలదనుటకును సిగ్నల్ అను సాధనపు చరిత్రమే నిదర్శనము.

2010లో అమెరికాయందు మాక్సీ మార్లిన్‌స్పైక్, స్టూవర్ట్ ఆండర్సన్ అను నిరువురు ఆండ్రాయిడ్ ఫోనులకై రెడ్‌ఫోన్ అను సాధనమును వెలువరించిరి. పిలుపు కలిసినంతనే ఇరువురి తెరలపైనను రెండు పదములు కనబడెడివి. వానిని ఒకరికొకరు చదివి వినిపించుకొని, సరిపోయినచో నడుమ నెవ్వరును చొరబడలేదని తెలిసికొనెడివారు. 2011 నవంబరులో వారి సంస్థను ట్విట్టర్ కొనెను. వెంటనే రెడ్‌ఫోన్ సేవ నిలిచిపోయెను. అయితే 2012 జూలైలో దాని సోర్స్ కోడు, అనగా యంత్రమునకు వ్రాసిన మూలలిపి యంతయు, లోకమునకు వెల్లడి చేయబడెను.

ఇదియే ఓపెన్ సోర్స్ పద్ధతి. వడ్డించుటయే గాక, వంటయింటి తలుపు తెరచి పాళ్లన్నియు చూపుట వంటిది. లోపమున్నచో నేర్పరులు కనిపెట్టుదురు. ఒకరు విడిచిన పనిని మరియొకరు చేపట్టుదురు. 2013లో మార్లిన్‌స్పైక్ ట్విట్టరును వీడి, తోటివారి సహకారముతో ఆ పనినే కొనసాగించెను. 2014 జూలైలో ఐఫోనులకు సిగ్నల్ వచ్చెను. 2015 నవంబరులో రెడ్‌ఫోను ఆ పేరుననే కలిసిపోయెను. 2018లో వాట్సాప్ స్థాపకులలో నొకడైన బ్రయన్ ఆక్టన్ ఇచ్చిన 5 కోట్ల డాలర్లతో, లాభాపేక్ష లేని సిగ్నల్ ఫౌండేషన్ ఏర్పడెను.

మూలలిపి యందరికిని తెలిసినచో రహస్యమెట్లు నిలుచునని మీరడుగవచ్చును. తాళము చేయు విధము కమ్మరులెల్ల నెరుగుదురు; మన పెట్టె తాళపుచెవి మాత్రము మన కొంగుననే యుండును గదా! ఇచ్చటను గుప్తలిపి తాళపుచెవులు మాటాడువారి ఫోనులయందే యుండును.

అయినను జాగ్రత్త మనదే. ఇరువైపులను ఆ సాధనమే యుండవలెను. అందు ప్రతి జతకును 60 అంకెల భద్రతాసంఖ్య కలదు. కుమార్తె ఇంటికి వచ్చినప్పుడు రెండు ఫోనులను ప్రక్కప్రక్కన నుంచి ఒకసారి సరిచూచుకొనుడు. 112 వంటి అత్యవసర సంఖ్యలకు దానినుండి పిలువ వీలులేదు. ఫోనును తెరచి యెక్కడనో విడిచిన, ఏ ముద్రయు కాపాడజాలదు.

వెల లేదని మాత్రమే చూడక, తమ పనిని విప్పి చూపువారిదా యని విచారించి సాధనము నెంచుకొనుడని మా మనవి.