గ్రూపు ఇల్లు మారితే మాటలేం కావాలి?

మా అత్తాపూర్‌లో ఎవరైనా ఇంటికి దారి అడిగితే ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు చెబుతాం. 2009లో పి.వి. నరసింహారావు పేరుతో ఆ వంతెన వచ్చిన దగ్గర్నుంచీ ఇదే అలవాటు. అద్దె ఇళ్లు మారినా, షాపుల బోర్డులు మారినా పిల్లర్ నంబరు మారదు. సెల్‌ఫోన్లలో నడిచే మన గ్రూపులకు మాత్రం అలాంటి మారని గుర్తంటూ ఏదీ లేదు.

మిద్దెతోటలు, ముగ్గులు, కుట్లు, అల్లికలు... ఏదో ఒక సరదా చుట్టూ చేరిన గ్రూపులో లేని ఇల్లాలు ఈ రోజుల్లో అరుదు. కానీ అవన్నీ అద్దెకొంపలే. మా మిద్దెతోటల గ్రూపులో రెండు నెలలుగా ఇదే చర్చ. గ్రూపు నిండిపోయింది. అడ్మిన్‌గా ఉన్న పెద్దావిడ కొడుకు దగ్గరికి విదేశం వెళ్తున్నారు. ఎక్కడికి మారదాం అని అందరూ అడుగుతున్నారు. ఏం తీసుకెళ్దాం అని అడిగినవాళ్లు తక్కువ.

ఖాళీ చేయమన్న ఓనర్లు

ఇది కొత్త కష్టమేమీ కాదు. మన దేశంలో కుర్రకారుని ఊపేసిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ యాహూ గ్రూప్స్. 'రచ్చబండ' అనే తెలుగు సాహిత్య చర్చావేదిక నడిచింది అందులోనే. దేశదేశాల తెలుగువాళ్లు అక్కడ పద్యాల గురించీ, కథల గురించీ వాదించుకునేవారు. 2019 అక్టోబరులో యాహూ ఒక ప్రకటన చేసింది. డిసెంబరు 14 తర్వాత పాత రాతలన్నీ చెరిపేస్తామంది. అంటే గడువు రెండు నెలలు! గోల పెడితే 2020 జనవరి 31 దాకా పొడిగించింది. 2020 డిసెంబరు 15న మొత్తం దుకాణమే కట్టేసింది. ఎన్నో దేశాల వాలంటీర్లు రాత్రింబవళ్లు కూర్చుని దొరికినంత దాచారు. దొరకనిది పోయినట్టే.

పోయేది ఏమిటి?

"ఆడవాళ్ల కబుర్లే కదా, పోతే పోయాయి" అనేవాళ్లుంటారు. ఒక్క ఉదాహరణ చెప్తాను. వేసవిలో నాటిన చిక్కుడు పాదు పందిరంతా అల్లుకుంది, పూత మాత్రం లేదు. కొత్తగా చేరినావిడ బెంగపడి ఏటా అడిగే ప్రశ్న ఇది. నాటు చిక్కుడు పొద్దు తగ్గితే గానీ పూయదు, చలికాలం దాకా ఓపిక పట్టండి అని ఒకావిడ ఎప్పుడో చెప్పింది. ఆ మాట కనబడక ఎన్ని పాదులు పీకేసి ఉంటారో!

వ్యవసాయ విశ్వవిద్యాలయం మనకు పక్కనే, రాజేంద్రనగర్‌లోనే ఉంది. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు నారపల్లిలో తమ మిద్దె మీద పండించి, ఆ అనుభవాన్ని పుస్తకంగా తెచ్చారు. పుస్తకం కనక అది నిలిచింది. మూడో అంతస్తు డాబా మీద, బోరు నీళ్లతో, మందారానికి పట్టిన పిండినల్లితో వేగుతూ ఒక గృహిణి తెలుసుకున్నది మాత్రం గ్రూపులో తప్ప ఎక్కడా రాసి లేదు. అదే మన ఆస్తి.

ఏ ఇల్లు మంచిది?

వాట్సాప్ అందరికీ చేతికి అలవాటైంది. 256 మంది పరిమితి 2022లో ముందు 512కి, తర్వాత 1024కి పెరిగింది. కానీ అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో నంబరు పడితే ఆడవాళ్లకి ఎంత చికాకో చెప్పక్కర్లేదు. పైగా కొత్తగా వచ్చినవాళ్లకి ఏళ్లనాటి మాటలు కనిపించవు.

టెలిగ్రామ్‌లో రెండు లక్షల మంది దాకా చేరొచ్చు. నంబరు దాచుకోవచ్చు. అడ్మిన్ ఒప్పుకుంటే పాత మాటలూ చదువుకోవచ్చు. అయితే మన పెద్దవాళ్లలో చాలామందికి అది కొత్త. తలుపు బార్లా తీస్తే ఊరూపేరూ లేనివాళ్లు దూరతారు కూడా.

ఫేస్‌బుక్‌లో పాతవి వెతుక్కోవడం తేలిక. కానీ 2025 జూన్‌లో అక్కడ వేల గ్రూపులు ఏ తప్పూ చేయకుండానే ఒక్కసారిగా నిలిచిపోయాయి. పక్షుల ఫొటోలు, ఇంటి అలంకరణ లాంటి అమాయకపు గ్రూపులూ వాటిలో ఉన్నాయి. సాంకేతిక లోపమని కంపెనీ తర్వాత ఒప్పుకుంది.

కాబట్టి ఏ ఇల్లూ శాశ్వతం కాదు. ఎక్కడికి మారామన్నదాని కన్నా ఎలా మారామన్నదే ముఖ్యం.

సామాన్లు సర్దేముందు

* అడ్మిన్ ఒక్కరే ఉండకూడదు. తాళంచెవి కనీసం ముగ్గురి దగ్గరుండాలి. ఒకరు ఊరెళ్లినా, జబ్బుపడినా గ్రూపు ఆగదు.

* కొత్తచోటు తెరిచాక పాతచోటు రెండు నెలలైనా ఉంచండి. రోజూ ఫోన్ చూడనివాళ్లూ ఉంటారు. వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.

* వాట్సాప్‌లో చాట్ ఎక్స్‌పోర్ట్ చేసే వీలుంది. తీసి కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచండి. గుడ్ మార్నింగులు తీసేసి, పనికొచ్చే ప్రశ్నలూ జవాబులూ ఏరండి. నలుగురు కూర్చుంటే నాలుగు ఆదివారాల పని.

* రాసినవాళ్లను అడిగి వాళ్ల పేరు పెట్టండి. ఫోన్ నంబర్లు మాత్రం తీసేయండి. అచ్చు తీసి ఒక కాపీ దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి.

మా గ్రూపులో టెలిగ్రామా, వాట్సాపా అన్నది ఇంకా తేలలేదు. కానీ ఏరికూర్చే పనికి మాత్రం అయిదుగురు ముందుకొచ్చారు. మన అమ్మమ్మలు ఆవకాయ కొలతలు కాగితం మీద పెట్టలేదు, వాళ్లతోనే చాలా పోయాయి. మనం రోజూ రాస్తున్నాం. రాసింది దాచుకోవడం కూడా మన పనే.