‘కాఫీ మానండి’ అంటే సరిపోదు

బరువు తగ్గించే ఆపరేషన్ల మీద మీ పత్రిక ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఎవరికి చేయవచ్చు, బీమా ఎప్పుడు వర్తిస్తుంది వంటివి వివరంగా రాశారు. తిండి సంగతికి వచ్చేసరికి మాత్రం ‘కెఫీన్ మానేయాలి’ అని ఒక్క ముక్కతో దాటేశారు. బెంగళూరు, సేలం, చెన్నై ఆసుపత్రుల నుంచి మా వైపు వాళ్లు పట్టుకొచ్చే డైట్ చీటీల్లోనూ అదే ముక్క. నేను తమిళనాడులోని ఊత్తంగరైలో మందుల అంగడి నడుపుతున్నాను, ఆ చీటీలు చివరికి నా బల్ల మీదికే వస్తాయి. వివరం లేని ఆ నిషేధం వల్ల అసలు పాటించాల్సిన జాగ్రత్త మరుగున పడుతోందని చెప్పడానికే ఈ ఉత్తరం.

మొదటి చిక్కు టీతో. “కాఫీ ముట్టడం లేదన్నా, ఇప్పుడంతా టీనే” అని ధీమాగా చెప్పేవాళ్లు ఎందరో. 2024లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 ఉంటుంది. మనిషికి అన్నీ కలిపి వాళ్లు గీసిన గీత రోజుకు 300 మిల్లీగ్రాములు. బస్టాండు పక్కన రోజుకు అయిదారు టీలు తాగే మనిషి ఆ గీత దాకా పోవచ్చు. ఆపైన ఇరవై రూపాయల ఎనర్జీ డ్రింక్ సీసాలు వేరే. లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చని చట్టమే అనుమతిస్తోంది. గ్యాస్, చక్కెర అదనం.

రెండోది ఇంకా పెద్దది. ఏళ్ల తరబడి రోజుకు నాలుగు టంబ్లర్లు తాగిన మనిషి ఆపరేషన్ నాడు హఠాత్తుగా మానేస్తే, 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి పట్టుకుంటుంది. రెండు రోజుల్లో పోవచ్చు, తొమ్మిది రోజుల దాకా సాగనూ వచ్చు. ఆలోపు ఇంటికి పంపేస్తారు. ఇంట్లోవాళ్లు మత్తుమందు వల్ల వచ్చిన నొప్పి అనుకుని “ఏదైనా మాత్ర ఇవ్వన్నా” అంటూ మా అంగడికి వస్తారు. తలనొప్పి మాత్రల్లో కొన్నింటిలో కెఫీనే కలిపి ఉంటుంది, అదొక వింత. అసలు భయం ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్‌లతో. బరువు తగ్గడానికి బైపాస్ ఆపరేషన్ చేసిన పొట్టలో, పేగు కలిపి కుట్టిన చోట పుండు పడడానికి పెద్ద కారణాల్లో ఇవీ పొగతాగడమూ ఉన్నాయి. ఆ పుండు విషయంలో కాఫీ మీద ఉన్న రుజువు వీటితో పోలిస్తే చాలా బలహీనం. తక్కువ అపాయాన్ని తప్పించబోయి ఎక్కువ అపాయాన్ని మింగిస్తున్నామన్నమాట. చీటీలో కాఫీ మానమన్న వరుస పక్కనే ఈ మాత్రల పేర్లు ఎందుకు ఉండవు?

తలనొప్పి రాకుండా ఉండాలంటే రెండు మూడు వారాల ముందు నుంచే కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. దానికి మన ఇళ్లలో సులువైన దారి ఉంది. చికోరీలో కెఫీన్ ఉండదు. 80:20 పొడి కొనేవాళ్లు 60:40 అడిగి తెచ్చుకుంటే, అదే టంబ్లరులో కెఫీన్ పావు వంతు తగ్గిపోతుంది. చట్టం చికోరీని 49 శాతం దాకా ఒప్పుకుంటుంది. ఒక వారం అలా తాగి, తర్వాత టంబ్లర్లు ఒక్కొక్కటిగా తగ్గిస్తే ఆపరేషన్ నాటికి మనిషి బాధ లేకుండా ఉంటాడు. కల్తీ అని మా పెద్దవాళ్లు ఈసడించిన చికోరీ ఇక్కడ పనికొస్తోంది.

ఆపరేషన్ నాటి పొద్దు సంగతి కూడా చెప్పాలి. మత్తుకు రెండు గంటల ముందు దాకా నీళ్లలాంటి ద్రవాలు తాగవచ్చని అమెరికా మత్తు వైద్యుల సంఘం చెబుతుంది, పాలు లేని కాఫీ కూడా ఆ లెక్కలోదే. పాలు కలిసిందంటే ఆరు గంటలు. మనకు కాఫీ అంటేనే పాలు. “ఏమీ తినలేదు డాక్టర్, ఒక్క గుక్క కాఫీ అంతే” అన్నాక ఆపరేషన్ వాయిదా పడితే తప్పు రోగిది మాత్రమే కాదు.

ఇక ఆపరేషన్ తర్వాత. కెఫీన్ ఒంట్లో నీళ్లు లాగేస్తుందని చాలామంది సలహాదారులు చెబుతారు. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో కాఫీ అలవాటున్న 50 మంది మగవాళ్లకు రోజూ నాలుగు కప్పులిచ్చి చూశారు. 2014లో అచ్చయిన ఆ ఫలితాల్లో నీళ్లు తాగిన రోజులకూ కాఫీ తాగిన రోజులకూ ఒంటి తేమలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మానమనడానికి వేరే కారణాలున్నాయి. స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో దాదాపు ముప్పావు వంతు తీసేసి అరటికాయలాంటి గొట్టం మిగులుస్తారు. దానికి మొదటి వారాల్లో గాయం మానాలి, పులితేన్పులు మామూలే, కాఫీ వాటిని రెచ్చగొట్టవచ్చు. పట్టేదే కొంచెం కనుక, ఒక టంబ్లరు కాఫీ పడితే నీళ్లకూ రోజుకు కావాల్సిన 60 గ్రాముల ప్రొటీన్‌కూ చోటుండదు. బైపాస్ వాళ్లకు టీ అంగడి చక్కెర వల్ల చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం రావచ్చు. నింద కెఫీన్ మీద పడుతుంది. ఇంత చెబితే మనిషికి అర్థమవుతుంది. ఉట్టి ‘మానేయాలి’ అంటే, నెల తర్వాత పక్కింటాయన తాగుతున్నాడని వీడూ మొదలుపెడతాడు, ఎప్పట్లాగే నాలుగు టంబ్లర్లు.

నా కళ్ల ముందు రోజూ జరిగే తప్పు మాత్రం ఐరన్ మాత్రది. మాత్ర మా దగ్గర కొంటారు, పక్కనే ఉన్న టీ అంగట్లో టీతో మింగేస్తారు. తమిళనాడులో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 53 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్క. అదే సర్వేలో నూటికి 40 మంది అధిక బరువువాళ్లు. ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లలో ఈ రెండూ ఉన్నవాళ్లూ ఉంటారు. బైపాస్‌లో ఐరన్‌ను ఎక్కువగా పీల్చుకునే చిన్నపేగు మొదటి భాగాన్నే తప్పించేస్తారు. మిగిలిన దారిలో వెళ్లే కాస్త ఐరన్‌నూ టీ అడ్డగిస్తుంది. 1983లో అమెరికాలో చేసిన ఒక పరీక్షలో భోజనంతోపాటు కాఫీ తాగితే ఐరన్ పీల్చుకోవడం 39 శాతం, టీతో 64 శాతం పడిపోయింది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీతో నష్టం లేదు. గంట తర్వాత తాగితే మాత్రం నష్టం తగ్గలేదు. పాలలోని కాల్షియం మరో అడ్డంకి. భోజనానికి ముందూ వెనకా గంట ఆగమని పోషకాహార సంస్థ అంటుంది. ఆపరేషన్ అయినవాళ్లకు నేను మాత్ర తర్వాత రెండు గంటలు ఆగమని చెబుతుంటాను.

ఆసుపత్రులు ఇవ్వాల్సింది పెద్ద పుస్తకమేమీ కాదు. టంబ్లర్ల లెక్కలో ఎంత, ఎన్ని వారాల ముందు నుంచి తగ్గించాలి, ఆపరేషన్ అయిన ఎన్నాళ్లకు మళ్లీ మొదలుపెట్టవచ్చు, తలనొప్పికి ఏ మాత్ర వద్దు, ఐరన్ ఏ వేళకు: ఈ అయిదూ రాసి, సర్జన్ సంతకంతో మందుచీటీకి జతచేయాలి. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు రోగులకు తెలుగులో ఇస్తే మరీ మంచిది. లేదంటే తమిళంలోనైనా ఇవ్వనీ, చదివి చెప్పడానికి మా అంగళ్లు ఉన్నాయి. మీ వ్యాసం రెండో భాగంలో డాక్టర్లను ఈ అయిదు ప్రశ్నలూ అడిగి జవాబులు అచ్చువేయగలరని మనవి.

ఇట్లు,
మందుల అంగడి నడిపే ఒక పాఠకుడు,
ఊత్తంగరై, కృష్ణగిరి జిల్లా.