వేడినీళ్లూ... ఓ తుపాకీ!

పొయ్యి మీద నీళ్లు తెర్లుతున్నాయి. కాఫీకి కాదు, పసివాడి స్నానానికీ కాదు. తుపాకీకి తలంటడానికి!

నవ్వొస్తుందేమోగానీ, ఒకప్పుడు వేట నుంచి తిరిగొచ్చిన దొరల బంగళాల్లోనూ, సైనికుల బారకాసుల్లోనూ ఇది రోజూ జరిగే పనే. గొట్టంలో గరాటు పెట్టి సలసల కాగే నీళ్లు పోసేవారు. ఇనుము మీద నీళ్లా! తుప్పు పట్టదూ? అసలు కిటుకంతా అక్కడే ఉంది. తూటా అడుగున చిన్న మూకుడులాంటి టోపీ ఉంటుంది. పిన్ను తగలగానే నిప్పు పుట్టేది దాన్నుంచే. ఆ రోజుల్లో అందులో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది మండాక గొట్టంలో ఒక రకం ఉప్పు మిగులుతుంది. ఉప్పు ఊరుకుంటుందా? గాలిలో తేమను లాక్కుంటుంది, తెల్లారేసరికి గొట్టాన్ని తినడం మొదలెడుతుంది. నూనె పూస్తే సరిపోదా అంటే, ఊరగాయ పెట్టే అమ్మమ్మనడగండి, ఉప్పు నూనెలో కరుగుతుందేమో! నీళ్లయితేనే కడుక్కుపోతుంది. మరిగే నీళ్లయితే గొట్టం వేడెక్కి దానంతటదే ఆరిపోతుంది. నూనె గుడ్డతో తుడవడం ఆ తర్వాతి పని. ఇప్పటి తూటాల్లో చాలావాటికి ఈ బెడద లేదు.

రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. గుండు బొంగరంలా తిరుగుతూ సూటిగా పోయేది వాటివల్లే. ఆ గాడుల్లో తుప్పు పట్టినా, గొట్టం చివరి అంచు కాస్త అరిగినా గుండు దారి తప్పుతుంది. అందుకే తెలిసినవాళ్లు శుభ్రం చేసే కడ్డీని మూతివైపు నుంచి కాకుండా, వీలైనంతవరకు వెనకవైపు నుంచే దూరుస్తారు. ఇంత చాదస్తం ఎందుకనుకుంటే చంపావత్ సంగతి చెప్పుకోవాలి.

ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని చంపావత్ దగ్గర, 1907లో, జిమ్ కార్బెట్ ఒక ఆడపులి వెంటపడ్డాడు. అప్పటికే అది నేపాల్‌లోనూ కుమావూఁలోనూ కలిపి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. ఊరి జనం డప్పులతో, కేకలతో పులిని తోలారు. కార్బెట్ దగ్గరున్నవి మూడే మూడు తూటాలు. మూడూ అయిపోయాయి. పులికి దెబ్బ తగిలిందిగానీ చావలేదు. కార్బెట్ పరుగున వెళ్లి తహసీల్దారు గారి తుపాకీ అడిగి తెచ్చుకున్నాడు. తీరా చూస్తే గొట్టాలకీ, వెనకున్న దిమ్మెకీ మధ్య దాదాపు సెంటీమీటరు సందు! పేలిస్తే ముందుకెంత పోతుందో, మొహం మీదికెంత వస్తుందో తెలియదు. అయినా తెగించి 20 అడుగుల దూరం నుంచి పేల్చాడు. గురిపెట్టింది పులి నోటికి, తగిలింది పంజాకి. అప్పటికే పులి కొన ఊపిరితో ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ కథ రాయడానికి కార్బెట్ మిగిలేవాడు కాదు.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. పులి నోటి కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి, ఎప్పటిదో తుపాకీ దెబ్బకి. మామూలు వేట సాగకనే అది మనుషుల మీద పడిందని కార్బెట్ తేల్చాడు. ఎవరో ఎక్కడో గురితప్పి పేల్చి ఇంటికెళ్లి హాయిగా భోంచేసి ఉంటాడు. శిక్ష మాత్రం గడ్డి కోసుకోవడానికీ, కట్టెలు ఏరుకోవడానికీ అడవికెళ్లిన ఆడవాళ్లకి పడింది. వేటను వీరత్వంగా చెప్పే కథల్లో ఆ మొదటి మనిషి కనిపించడు.

తూటాల సంగతికొద్దాం. వాడిన తూటాను పారేయకుండా మళ్లీ నింపుకోవడం అమెరికాలో చాలామందికి ఇంట్లో చేసుకునే సరదా పని. పేలాక మిగిలే ఇత్తడి తొడుగే అన్నిటికన్నా ఖరీదైన భాగం. పాత టోపీ ఊడగొట్టి, ఉబ్బిన తొడుగుని అచ్చులో నొక్కి, కొత్త టోపీ పెట్టి, మందు తూచి పోసి, పైన గుండు బిగిస్తారు. మందు తూకానికి గ్రెయిన్లు, అంటే గింజలన్నమాట. పౌనుకి 7,000. మన కంసాలి గురివింద గింజ ఒక్కటి దాదాపు రెండు గ్రెయిన్లు తూగుతుంది. ఇక ఎంత జాగ్రత్త కావాలో చూసుకోండి! పిస్తోలు తూటాల్లో కొన్నింటికి మందు సగం కూడా నిండదు. పరధ్యానంలో రెండుసార్లు పోసినా పట్టేస్తుంది, తుపాకీ చేతిలోనే బద్దలవుతుంది. అసలు పోయడం మరిచారో, టోపీ నిప్పుకే గుండు కదిలి గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. తెలియక రెండోది పేలిస్తే ఇక చెప్పేదేముంది! అందుకే అనుభవజ్ఞులు టీవీ కట్టేసి, కబుర్లు మాని కూర్చుంటారు. గుండ్లు బిగించేముందు టార్చి వేసి ప్రతి తొడుగులోకీ తొంగిచూస్తారు.

మన దగ్గర ఈ సరదా కుదరదు. తూటాలు తయారుచేయాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. ఇక వేట అంటారా, 1972 వన్యప్రాణి చట్టంతో దానికి తెరపడింది. పులిలాంటి మొదటి షెడ్యూలు జంతువుని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. హైదరాబాద్ వనస్థలిపురం పక్కనున్న హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట మైదానం. ఇప్పుడక్కడ కృష్ణజింకలు మన పిల్లల్ని చూసి గంతులేస్తున్నాయి. గురిచూసి కొట్టాలన్న ముచ్చట తీరని కుర్రాళ్లకి షూటింగ్ రేంజి ఉండనే ఉంది. మన హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తోనే.

అన్నట్టు, పల్లెల్లో పాత లోగిళ్ల అటకల మీద తాతలనాటి తుపాకులు ఇంకా కొన్ని ఉంటాయి. లైసెన్సు తాతగారితోనే పోయి ఉంటుంది. జ్ఞాపకంగా ఉంచుకుందామనుకున్నా వారసుల పేరు మీద కొత్త లైసెన్సు తప్పదు. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒకరికి రెండు తుపాకులకు మించి కుదరదు, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. అక్కర్లేదనుకుంటే పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించవచ్చు. అయితే సంచిలో చుట్టుకుని బస్సెక్కకండి, ముందు స్టేషన్‌కి కబురు చెప్పండి. దాన్ని దులిపే పని పిల్లలకి అసలే అప్పజెప్పొద్దు. మూతి నుంచి మందు కూరే నాటు తుపాకుల్లో తాతగారు ఎప్పుడో దట్టించిన మందు ఇంకా అలాగే ఉండొచ్చు.